పేరు మార్చుకోనన్న హరూన్ సిద్దిఖీది మొండితనమా?

చార్మినార్_చాయ్: హరూన్ సిద్దిఖీ హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, 1967లో కెనడా వెళ్ళిన జర్నలిస్టు. మానిటోబాలో బ్రాండన్ సన్ పత్రికలో పదేళ్ళు, 1978లో టొరంటో స్టార్ పత్రికలో చేరారు. అక్కడి బహుళ సంస్కృతుల విధానాన్ని ఎప్పుడూ వెనకేసుకొచ్చారు. హరూన్‌ని హ్యారీగా మార్చుకోనన్నారు; 2023లో వచ్చిన ఆత్మకథ పేరే ‘మై నేమ్ ఈజ్ నాట్ హ్యారీ’. వలస వెళ్ళినవాడు ఎంత మారాలంటారు?

మిస్సిసాగా_మావయ్య: నేను వెంకట సుబ్రహ్మణ్యాన్ని. ఆఫీసులో ‘సబ్’ అంటారు. 22 ఏళ్ళుగా పలుకుతున్నా, కొంపేమీ మునగలేదు. వాళ్ళ దేశం వెళ్ళి, నోరు తిరక్కపోయినా నా పేరే పలకండి అనడం అతి.

కాకినాడ_కాజా: సబ్ అంటే శాండ్‌విచ్ కదండీ.

చార్మినార్_చాయ్: పేరొక్కటే కాదు సార్. 1971లో అప్పటి ప్రధాని పియర్ ట్రూడో ప్రకటించిన ఆ బహుళ సంస్కృతుల విధానం 1988లో చట్టమైంది. నీ పద్ధతులు నీకున్నా పౌరుడివేనన్న భరోసా అది. 2019లో అక్కడి క్విబెక్ రాష్ట్రం ఏం చేసింది? ప్రభుత్వ బడిలో కొత్తగా చేరే టీచరు హిజాబ్, తలపాగా పెట్టుకోకూడదంది. రేపు బొట్టంటే?

మిస్సిసాగా_మావయ్య: పేరు గురించి మాట్లాడుతుంటే క్విబెక్ పోతారేంటి? 2023లో పోయిన తారెక్ ఫతా కూడా అదే టొరంటోలో ఉన్న, కరాచీలో పుట్టిన ముస్లిం జర్నలిస్టే. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో షరియా మధ్యవర్తిత్వం, అంటే కుటుంబ తగాదాలు ఇస్లాం చట్టం ప్రకారం తేల్చడం, వద్దని పోరాడారు. 2005లో ఆ రాష్ట్ర ప్రభుత్వమూ వద్దంది. ఆయన ముస్లిం కాదా?

గుంటూరు_గోంగూర: మీకు నచ్చింది మాట్లాడితే ముస్లిమే మావయ్యా.

మిస్సిసాగా_మావయ్య: వెటకారాలొద్దు.

పల్నాడు_పిల్లోడు: మాది నరసరావుపేట. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. హైదరాబాద్‌లో అద్దెకి వెతికితే, ఫోన్లో నా తెలుగు విని ఎప్పుడు దిగుతారన్న ఓనరు, పేరు చెప్పగానే బంధువులొస్తున్నారన్నాడు. అలా మూడిళ్ళు. చివరికి ఫ్రెండ్ పేరు మీద తీసుకున్నా. మీరు పేరు కుదించుకున్నారు, నేను దాచుకున్నా. రెండూ ఒకటేనా అంకుల్?

మిస్సిసాగా_మావయ్య: పాపమే. దానికీ కెనడాకీ ఏంటి సంబంధం?

పల్నాడు_పిల్లోడు: మీ బేస్‌మెంట్ అద్దెకుందని పోయిన వారం ఇక్కడే పెట్టారుగా. ‘మన తెలుగువాళ్ళకి మాత్రమే, వెజ్’ అని. జనవరిలో నేను టొరంటో వస్తున్నా. నేనూ తెలుగువాణ్ణే. ఇస్తారా?

మిస్సిసాగా_మావయ్య: కిచెన్ ఒకటే బాబూ. ఇది మతం సంగతి కాదు, మా ఇంటి పద్ధతి.

గుంటూరు_గోంగూర: ఓహో, మీ పద్ధతి మాత్రం మారదన్నమాట.

పల్నాడు_పిల్లోడు: నేను వండుకోను అంకుల్, బయటే తింటా. ఇస్తారా?

మిస్సిసాగా_మావయ్య: మా ఆవిడని అడగాలి.