జెరెమీ లిన్‌ని దేనితో కొలవాలి: లెక్కతోనా, కంటితోనా?

గోదావరి గణాంకం:
నిన్న ఇంకో చర్చలో ఒకాయన "లిన్ గొప్ప ఆటగాడు, చూస్తేనే తెలిసిపోతుంది" అన్నారు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 2012 ఫిబ్రవరి మొదట్లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో న్యూయార్క్ నిక్స్ జట్టు 8 గెలిచి 15 ఓడి ఉంది. ఎవరూ పట్టించుకోని ఈ హార్వర్డ్ కుర్రాడు ఫిబ్రవరి 4న నెట్స్ మీద బెంచి నుంచి లేచి వచ్చి 25 పాయింట్లు కొట్టాడు. అక్కడినుంచి జట్టు వరసగా 7 మ్యాచ్‌లు గెలిచింది. ఆట మొదలునుంచీ దిగిన తొలి ఐదు మ్యాచ్‌లలో లిన్‌వి 136 పాయింట్లు. జనం పిచ్చెక్కిపోయారు.
నా ప్రశ్న ఒక్కటే. ఐదు మ్యాచ్‌లు చూసి ఎవరినైనా ఎలా అంచనా వేస్తారు? కెరీర్ మొత్తమ్మీద అతని సగటు మ్యాచ్‌కి 11.6 పాయింట్లు. మంచి ఆటగాడే, కాదనను. కానీ ఆ నెలలో కంటిని నమ్మినవాళ్ళు పొరబడ్డారు. ఆగుదాం అన్న లెక్కలవాళ్ళే కరెక్ట్.

వరంగల్ పీఈటీ:
31 ఏళ్ళు పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పాను బాబూ. లేకర్స్ మీద 38 కొట్టిన మ్యాచ్ మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో రెండుసార్లు చూశాను. నాకు నచ్చింది ఆ 38 కాదు. స్క్రీన్ (డిఫెండర్‌కి అడ్డంగా నిలబడ్డ తోటి ఆటగాడు) దాటాక ఎదురుగా పొడుగాటి డిఫెండర్ వస్తే చాలామంది కుర్రాళ్ళు బంతి ఆపేస్తారు. ఇతను ఆపలేదు. ఆ మనిషి ఏ కాలి మీద బరువు వేశాడో చూసి రెండో వైపు వెళ్ళాడు. టొరంటోలో స్కోరు 87-87 ఉన్నప్పుడు బంతి పట్టుకుని గడియారం కరిగేదాకా ఆగి, అర సెకను మిగిలుండగా మూడు పాయింట్ల షాట్ వేశాడు. ఆ నిబ్బరం మీ పట్టికలో ఏ గడిలో ఉంటుంది?

బెజవాడ బ్యాక్‌బోర్డ్:
ఆ మ్యాచ్‌లో లేకర్స్ స్టార్ కోబీ 34, లిన్ 38. నాకింకేం అక్కర్లేదు.

గోదావరి గణాంకం:
మాస్టారూ, టర్నోవర్ల సంగతి, అంటే బంతి పోగొట్టుకున్న లెక్క, ఎవరూ మాట్లాడరేం? గెలుపుల వరస తెగిపోయిన హార్నెట్స్ మ్యాచ్‌లో 9. ఫిబ్రవరి 23న మయామీలో 8, షాట్లు 11కి 1. ఆ సీజన్ మొత్తం మ్యాచ్‌కి 3.6. ఇవి మీ కంటికి కనపడలేదా?

వరంగల్ పీఈటీ:
కనపడ్డాయి. బంతి ఎప్పుడూ అతని చేతిలోనే ఉంటే పోయేదీ అతని చేతిలోంచే కదా. నిక్స్ కోచ్ డాంటోనీ ఆటలో అంతా బంతి నడిపించే పాయింట్ గార్డ్ మీదే నడుస్తుంది. అతను బంతి తెచ్చే ప్రతిసారీ మయామీ వాళ్ళు ఇద్దరిని మీదికి పంపారు. వంట చేసేవాళ్ళకే చెయ్యి కాలుతుంది.

గోదావరి గణాంకం:
బంతి చేతిలో ఉండే గార్డులు లీగ్‌లో ఇంకా బోలెడుమంది ఉన్నారు. అందరికీ 9 రావు.

వరంగల్ పీఈటీ:
మళ్ళీ ఆ 9 దగ్గరికే వచ్చారు.

ఫ్రీమాంట్ వాసి:
మీరిద్దరూ ఫిబ్రవరి నుంచి మొదలుపెడుతున్నారు. అసలు కథ అంతకుముందుది. మా ఊరి నుంచి వంతెన దాటితే అతను పెరిగిన పాలో ఆల్టో. 2006లో అక్కడి హైస్కూల్ జట్టుని రాష్ట్ర ఛాంపియన్ చేశాడు. పై స్థాయి (డివిజన్ 1) కాలేజీ ఒక్కటీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. హార్వర్డ్ తరఫున కనెక్టికట్ మీద 30 పాయింట్లు, 9 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతులు) తీసినా 2010 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్ళని ఎంచుకునే చోట, ఎవరూ తీసుకోలేదు. 2011 డిసెంబరు ఒక్క నెలలోనే రెండు జట్లు వదిలేశాయి. వీళ్ళందరూ కంటితో చూసినవాళ్ళే మాస్టారూ, జీతం తీసుకుని మరీ చూసినవాళ్ళు.
అతన్ని 2010లోనే పట్టుకున్నది ఎడ్ వైలాండ్ అనే కొరియర్ డ్రైవర్. రెండు పాయింట్ల షాట్లలో శాతం, 40 నిమిషాలకి రీబౌండ్లు, స్టీల్స్ (లాక్కున్న బంతులు), బ్లాక్‌లు (ఆపిన షాట్లు) ఎన్ని అని లెక్క వేసి, ఇతను ఎన్‌బీఏలో స్టార్టర్ కాగలడని రాశాడు. అప్పటి హ్యూస్టన్ జట్టు మేనేజర్ డారిల్ మోరీ లెక్కల మోడల్‌లో కూడా లిన్ ఆ డ్రాఫ్ట్‌లో 15వ స్థానం దగ్గర ఉన్నాడు. అయినా తీసుకోలేదు. అతని మొదటి అడుగు చాలామందికన్నా వేగమని ఆ తర్వాత కొలతల్లో తేలింది. అప్పట్లో మాత్రం అందరం అతను చురుకైనవాడు కాదనుకున్నామని, ఆసియా మనిషి కావడం తప్ప దానికి వేరే కారణం తోచలేదని మోరీయే తర్వాత ఒప్పుకున్నాడు.
మా అమ్మాయి ట్రైఅవుట్స్‌కి (జట్టు ఎంపికకి) వెళ్తే కోచ్ "తెలివైన పిల్ల, కానీ స్పీడ్ లేదు" అన్నాడు. ఒక్కసారి కూడా స్టాప్‌వాచ్ నొక్కలేదు. జట్టులోకి తీసుకున్న ఇద్దరు పిల్లలతో పక్క వీధి పార్కులో పరిగెత్తించి నేనే నొక్కాను. ముగ్గురిలో మాదే ముందు. ఆ రాత్రి దానికి అన్నం సయించలేదు.

వరంగల్ పీఈటీ:
అమ్మా, ఎవరో చేసిన తప్పు కంటితో చూసేవాళ్ళందరికీ అంటగట్టకండి. నేనూ ఒకటి చెబుతాను. హాస్టల్ పిల్లాడొకడు, పొట్టివాడు, చెయ్యి మాత్రం బంగారం. జిల్లా సెలక్షన్స్‌కి పంపితే టేపు పెట్టి కొలిచారు. రెండు సెంటీమీటర్లు తక్కువ. వాడు బంతి పట్టుకోవడం కూడా చూడకుండా పంపేశారు. అదీ అంకే. నెల రోజులు కోర్టుకి రాలేదు వాడు.

గోదావరి గణాంకం:
ఎత్తు కొలవడం గణాంకం కాదు మాస్టారూ! ఆటలో ఏం చేశాడన్నదే గణాంకం. మీలాంటి ఓ మాస్టారు నన్ను తొమ్మిదో తరగతిలో "కళ్ళజోడు, నువ్వు స్కోరు రాయి" అని కూర్చోబెట్టారు. ఒక్క షాట్ వేయనివ్వలేదు. మూడేళ్ళు స్కోరు రాశాను. ఎవడు ఎన్ని వేశాడో, ఎన్ని పోగొట్టాడో నా పుస్తకంలో ఉండేది. ఆయన ఒక్కసారి దాన్ని తెరవలేదు. నాకు కంటి మీద నమ్మకం లేదంటే ఊరికే కాదు.

బెజవాడ బ్యాక్‌బోర్డ్:
అన్నా, ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేది.

నిర్వాహకుడు:
అందరూ కాస్త నెమ్మదించండి. లిన్ గురించే మాట్లాడదాం.

ఫ్రీమాంట్ వాసి:
లిన్ గురించే మాట్లాడుతున్నామండీ. గణాంకం గారూ, మీ బాధ నాకు అర్థమైంది. అలాంటప్పుడు లెక్కల్ని మీరు అతని మీదికే ఎందుకు తిప్పుతున్నారు? 2010లో అవే లెక్కలు అతని వైపు ఉన్నాయి, అప్పుడు వినలేదు. ఆడి చూపించాక "ఐదు మ్యాచ్‌లేగా" అన్నారు. ఇంకా లెక్క కావాలంటే ముందు ఆడనివ్వాలి కదా. ఉన్న గార్డులెవరూ కుదరక, కోచ్‌కి వేరే దారి లేక ఆడించాడు. లేకపోతే ఆ 136 ఎక్కడిది? తర్వాతి సీజన్‌లో హ్యూస్టన్ తీసుకుని 82 మ్యాచ్‌లూ మొదటినుంచీ ఆడిస్తే, మ్యాచ్‌కి 13.4 పాయింట్లు, 6.1 అసిస్ట్‌లు (బాస్కెట్‌కి దారి తీసిన పాస్‌లు) చూపించాడు. నా గొడవంతా తలుపు దగ్గర నిలబడేది ఎవరన్న దాని గురించే.

వరంగల్ పీఈటీ:
ఈ మాట రాయడానికి అరగంట పట్టింది. 2010లో ఆ కుర్రాడు నా ముందు నిలబడి ఉంటే నేనూ తీసుకునేవాణ్ణి కాదేమో. కళ్ళజోడు పిల్లల్ని నేనూ కూర్చోబెట్టాను. ఎంతమందినో గుర్తు లేదు, నా దగ్గర పుస్తకం లేదు.
కానీ ఆడుతున్నప్పుడు చూసిన కన్ను వేరు, గుమ్మంలో చూసిన కన్ను వేరు. మొదటిదాన్ని వదులుకోను. టొరంటో మ్యాచ్ నాలుగో క్వార్టర్ ఒక్కసారి చూడండి.

గోదావరి గణాంకం:
ఇప్పుడే చూశాను మాస్టారూ. ఆఖరి షాట్ ముందు బంతి పట్టుకుని నిలబడిన తీరు, మీరన్నది నిజమే. మొదటి పోస్టులో "పొరబడ్డారు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.
ఆ మ్యాచ్‌లోనూ టర్నోవర్లు 8.