కాన్హోజీ ఆంగ్రే దొంగైతే పోర్చుగీసువాళ్లు ఎవరు?

సముద్ర చరిత్ర తెలిసినవాళ్లు ఎవరైనా ఈ చిక్కు విప్పగలరా? 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మన పడమటి తీరంలో కర్తాజ్ అనే అనుమతి పత్రం పెట్టారు. డబ్బు కట్టి అది తీసుకోని ఓడ కనిపిస్తే సరుకుతో సహా పట్టుకునేవాళ్లు. దాన్ని వ్యాపార నియంత్రణగానే చదువుకున్నాం. తర్వాత కాన్హోజీ ఆంగ్రే అదే పద్ధతిలో దస్తక్‌లు అనే అనుమతి పత్రాలు ఇచ్చి, అవి లేని ఓడలను పట్టుకుంటే ఈస్టిండియా కంపెనీ ఆయనకు సముద్రపు దొంగ అని ముద్ర వేసింది. ఆయనేమో ఛత్రపతి సాహు గుర్తించిన మరాఠా నౌకాదళపతి! స్పెయిన్ ఓడల్ని దోచిన ఇంగ్లండ్ నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్‌కు మాత్రం 1581లో నైట్ బిరుదు ఇచ్చారు. నాకిది పచ్చి అన్యాయంగా అనిపిస్తోంది.

మరాఠాల అధికారాన్ని కంపెనీ ఏ చట్టం చూపి కాదంది? మరాఠీ పత్రాల ఆధారంగా ఎవరైనా రాసి ఉంటే దయచేసి చెప్పండి.