బెజవాడ ఎండల్లో పల్లీ పెరుగు నీళ్లు విడవకుండా తోడుకోవాలంటే?

పాడి పశువులు వదిలే మీథేన్, వందేళ్ల లెక్కన చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. టీవీ చర్చల్లో మాత్రం పాలు మానడమంటే మాట "త్యాగం" దగ్గరే ఆగిపోతుంది. పాలు మానేసిన ఇంట్లో భోజనం చివర అన్నంలో ఏం కలుపుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ.

పాల పెరుగుకు బదులు పల్లీ పెరుగు చేసే పద్ధతి ఇది: గ్లాసు పల్లీలు 8 గంటలు నానబెట్టి, పొట్టు తీసి, 3 గ్లాసుల నీళ్లతో మెత్తగా రుబ్బి వడకట్టాలి. సన్నసెగ మీద 10 నిమిషాలు అడుగంటకుండా కలుపుతూ కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడుగా 6 పచ్చిమిర్చి తొడిమలు వేసి మూత పెట్టాలి.

మే నెలలో ఇది 5 గంటలకే పుల్లబడి, పైన ముద్ద, అడుగున నీళ్లుగా విడిపోతోంది. పల్లీ పాలలో కేసీన్ (పశువుల పాలను గడ్డ కట్టించే ప్రోటీన్) ఉండదు, అందుకే గేదె పెరుగులా గడ్డ కట్టదని తెలుసు. కాచేటప్పుడు చెంచా బియ్యప్పిండి కలిపితే నీళ్లు తగ్గాయి గానీ గంజి రుచి వచ్చింది. మజ్జిగ పులుసు పెడితే శనగపిండి వేసినా విరుగుతోంది.

నీళ్లు 2 గ్లాసులకు తగ్గించాలా? గిన్నెను చల్లనీళ్ల పళ్లెంలో ఉంచితే పులుపు ఆగుతుందా? తోడుకున్నదే మర్నాడు తోడుగా వేస్తే ఎన్నాళ్లు పనిచేస్తుంది? గుంటూరు, విజయవాడ ఎండల్లో చేసి చూసినవాళ్లు దయచేసి కొలతలతో చెప్పండి.