మాస్కో మ్యూల్‌లో జింజర్ బీర్ బదులు అల్లం, గోలీసోడా పోస్తే అది మ్యూలేనా?

కోటిపల్లి కుర్రోడు: సంక్రాంతికి మా బావ వత్తన్నాడండి, మాస్కో మ్యూల్ కలిపి పెట్టమన్నాడు. వోడ్కా, జింజర్ బీర్, నిమ్మరసం, ఐసు, అంతేనంట. అమలాపురం అంతా తిరిగా, జింజర్ బీర్ ఎక్కడా దొరకలేదు. అల్లం రసం, పంచదార వేసి గోలీసోడా పోస్తే సరిపోద్దా?

పాలకొల్లు నాని: శుభ్రంగా సరిపోద్దండి. కొలత వోడ్కా 45 మిల్లీ, అంటే పెగ్గున్నర, జింజర్ బీర్ 120, నిమ్మరసం 10. ముదురు అల్లం తురిమి గుడ్డలో పిండండి, కాసేపు కదపకుండా ఉంచి, అడుగున తెల్లగా పేరుకున్నది వదిలేసి పైన తేట తీసుకోండి. అందులో పంచదార కరిగించి, గొంతులో మంట తగిలేదాకా సోడాలో కలుపుకోండి. సోడా మాత్రం ఆఖర్న పొయ్యండి, గరిటెతో తెగ తిప్పేస్తే గ్యాస్ పోద్ది.

తణుకు మాస్టారు: అది మాస్కో మ్యూల్ కాదండి. జింజర్ బీర్ అంటే అల్లం, పంచదార నీళ్ళలో పులియబెట్టింది, 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మొదలైంది. ఆ పులుపు, ఆ నురుగు సోడాకి రావు. మీ ఇష్టం వచ్చింది తాగండి, పేరు మాత్రం అది పెట్టకండి.

ద్రాక్షారామం రమ: రాగి మగ్గుల్లో ఇస్తారటగా దాన్ని, నిజమేనా?

పాలకొల్లు నాని: మాస్టారూ, ఇప్పుడు సీసాల్లో వచ్చేవాటిల్లో చాలామట్టుకు పులియబెట్టినవి కావు, గ్యాస్ ఎక్కించినవే. అసలు ఆ డ్రింకు పుట్టిందే సరుకు వదిలించుకోడానికండి. 1941లో లాస్ ఏంజెలెస్‌లో జాక్ మోర్గాన్ అనే ఆయన కాక్ అండ్ బుల్ అనే బారు నడిపేవాడు, సొంత జింజర్ బీర్ అమ్ముడుపోవట్లేదు, జాన్ మార్టిన్ అనే ఆయనకేమో స్మిర్నాఫ్ వోడ్కా అమ్ముడుపోవట్లేదు, అప్పటికి అమెరికా వాళ్ళకి వోడ్కా అలవాటు లేదు, రెండూ కలిపి నిమ్మకాయ పిండారంట. వాళ్ళకున్నది వాళ్ళు కలిపారు, మనకున్నది మనం కలుపుకుంటే తప్పేటండీ?

తణుకు మాస్టారు: నేను ఊరికే చెప్పట్లేదండి. పోయిన వేసవిలో నేనే చేశా, రోజూ చెంచా అల్లం తురుము, చెంచా పంచదార వేసుకుంటూ పోతే బుడగలొచ్చాయి, వడగట్టి గాజుసీసాలో బిగించా. మే ఎండకి అది రెండోరోజు రాత్రే పేలింది, వంటింటి నిండా గాజుపెంకులు. చేసేవాళ్ళు ప్లాస్టిక్ సీసాలో పొయ్యండి, నొక్కితే గట్టిగా తగలగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. అంత కష్టపడి చేసేదాన్నీ గోలీసోడానీ ఒకటే అంటే నేను ఒప్పుకోను. ఒక రిసార్ట్‌లో మ్యూల్ అని చెప్పి సిరప్పూ సోడా కలిపిచ్చారు నాకు, డబ్బులు ముక్కుపిండి వసూలు చేశారు.

అత్తిలి చిన్ని: రమగారూ, రాగి మగ్గే, కానీ లోపల కళాయి ఉండాలి. 2017లో అమెరికాలో అయోవా రాష్ట్రం మద్యం శాఖ వాళ్ళు కూడా పులుపు వస్తువులు రాగికి తగలకూడదని చెప్పారు. మా నాయనమ్మ రాగిచెంబులో మజ్జిగ పోస్తే ఊరుకునేది కాదు, చిలుమెక్కుద్దని.

పాలకొల్లు నాని: సీసా పేలితే అది జింజర్ బీరైపోద్దా ఏంటి? మాస్టారూ, మీకు రుచితో పనిలేదు, పేరు పట్టుకుని వేలాడుతున్నారు. కుర్రోడు పండక్కి ఏదో సరదాపడి అడిగితే ఇంత రాద్ధాంతమా!

తణుకు మాస్టారు: అవును, పేరే పట్టుకుంటా. మూడేళ్ళ క్రితం మా ఇంట్లో పెళ్ళికి కుర్రాళ్ళు ఇదే కలిపి, అల్లం సోడా అని చెప్పి అందరికీ పంచారు. మా తమ్ముడు అప్పటికి రెండేళ్ళుగా చుక్క ముట్టలేదు. అల్లం ఘాటు, నిమ్మ పులుపు, తీపి ఉంటే వోడ్కా తెలీదండి. రెండు గ్లాసులు తాగాడు. ఆ వారం మళ్ళీ మొదలెట్టాడు, ఇప్పటికీ మానలేదు. అందుకే మీరు సోడాతో మ్యూల్ అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుద్ది.

ద్రాక్షారామం రమ: అయ్యో మాస్టారూ.

పాలకొల్లు నాని: నాకు తెలీదండి, గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకండి. కానీ ఒక్కమాట, ఆరోజు ఫారిన్ జింజర్ బీరే పోసినా మీ తమ్ముడుగారికి వోడ్కా తెలిసేది కాదు కదా. తప్పు సోడాది కాదు, చెప్పకుండా పోసినోళ్ళది. మందు ఉన్న గ్లాసు మందని చెప్పే ఇవ్వాలి, అక్కడ మీతో నేనూ ఉన్నా. అల్లం సోడా దగ్గర మాత్రం నేను మారను.

తణుకు మాస్టారు: నేనూ మారను. చెప్పి ఇవ్వండి, చాలు.

కోటిపల్లి కుర్రోడు: ఆయ్, అర్థమైందండి. అల్లం సోడా జగ్గులో విడిగా పెడతా, పిల్లలూ ఆడాళ్ళూ తాగొచ్చు. వోడ్కా మాత్రం అడిగినోళ్ళకి, వాళ్ళ ఎదురుగానే వాళ్ళ గ్లాసులో పోస్తా. చిన్నిగారూ, మా అమ్మ దగ్గర నాలుగు పాత రాగిగ్లాసులున్నాయి, కళాయి పోయింది. ఇత్తడి సామాన్లు చేసే అజ్జరంలో ఇప్పుడెవరైనా వేస్తారంటారా?