రెండు క్రెడిట్ కార్డుల దరఖాస్తుల మధ్య ఎంత వ్యవధి ఉండాలి?

నేను విశాఖపట్నం గాజువాకలో ఉంటూ ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. జీతం పడే బ్యాంకు ఇచ్చిన కార్డు ఒక్కటే వాడుతూ, బిల్లును గడువులోగా పూర్తిగా చెల్లిస్తున్నాను; సిబిల్ స్కోరు 770 దాటింది. ఇప్పుడు పెట్రోలుకు ఒకటి, ప్రయాణాలకు ఒకటి, వేర్వేరు బ్యాంకుల నుంచి తీసుకోవాలని ఉంది.

దరఖాస్తు చేసిన ప్రతిసారీ బ్యాంకు మన క్రెడిట్ రిపోర్టు (అప్పులు, చెల్లింపుల చరిత్ర) తెప్పించుకుంటుందనీ, ఆ ఎంక్వయిరీ తేదీతోనూ బ్యాంకు పేరుతోనూ సహా అందులో నమోదవుతుందనీ తెలుసు. (మన రిపోర్టు మనమే చూసుకుంటే స్కోరు తగ్గదు కనుక ఆ బెంగ లేదు.) అయితే రెండింటికీ ఒకే రోజు దరఖాస్తు చేస్తే మొదటి ఎంక్వయిరీ రెండో బ్యాంకు కంట పడదని మా ఆఫీసులో ఒకరు అంటున్నారు, నాకది నమ్మబుద్ధి కావడం లేదు. 2025 జనవరి నుంచి బ్యాంకులు ఖాతాల వివరాలను పదిహేను రోజులకోసారి క్రెడిట్ బ్యూరోలకు (ఈ రిపోర్టులు తయారుచేసే సిబిల్ లాంటి సంస్థలకు) పంపాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన అమల్లోకి వచ్చింది గనుక, మొదటి కార్డు రిపోర్టులో కనబడేదాకా ఆగడం మేలా, లేక కొత్త ఖాతా కనబడితేనే రెండో బ్యాంకు వెనకాడుతుందా?

పైగా వచ్చే ఏడాది మధురవాడలో ఫ్లాటు కోసం గృహరుణం తీసుకునే ఆలోచన ఉంది. దానికి ఎన్ని నెలల ముందు కార్డుల దరఖాస్తులు ఆపేయాలో, ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పగలరు.