హాలువాళ్లు ఇంటివంట వద్దంటున్నారు, రేపు సాయంత్రంలోగా తేల్చాలి

సుధ: లైకు కొట్టి వదిలేయకుండా అందరూ చదవండి. ఇక్కడ టొరంటోలో మన దేశదేశాల వంటల విందుకి అనుకున్న హాలు మేనేజరు ఇప్పుడే ఫోన్ చేశాడు. ఇంట్లో వండినవి లోపలికి రానివ్వరట. వాళ్ల కేటరర్ దగ్గరే తీసుకోవాలి, ప్లేటు 38 డాలర్లు. మనం 62 మందిమి. రేపు 5 లోపు ఏదో ఒకటి చెప్పకపోతే ఆ రోజు వేరేవాళ్లకి ఇచ్చేస్తాడు. పోయినవారం పెట్టిన జాబితా (ఎవరు ఏ దేశం వంట, బల్లలు, మైకు, ముగ్గు) అలాగే ఉంచండి, ముందు ఇది తేలాలి.

శ్రీధర్: 2,356 డాలర్లు, పన్ను కాక. చేతిలో ఉన్నది 1,140. ఇవ్వాల్సినవాళ్లు ఎవరో వాళ్లకే తెలుసు. తిండి దగ్గర ఇబ్బంది వస్తుందని నేను మార్చిలోనే అన్నాను.

లక్ష్మి: అన్నా, మార్చిలో మీరన్నది పార్కింగ్ గురించి.

శ్రీధర్: రెండూ అన్నాను. అంత గుర్తున్నవాళ్లు లెక్కలు కూడా చూసుకుంటే సంతోషం.

లక్ష్మి: చూసుకుంటాం లెండి. నేను ఇథియోపియా బల్లకోసం మూడుసార్లు టెఫ్ (వాళ్ల చిరుధాన్యం) పిండి పులియబెట్టి, మూడుసార్లూ పారబోసుకున్నా. నాకు లేదా బాధ?

రమేష్: విజయవాడలో ఇప్పుడు రాత్రి ఒంటిగంట. ఫోన్ మోగీ మోగీ మా అమ్మ లేచి కూర్చుంది, ఎవరికేమయిందిరా అని. వన్‌టౌన్‌లో వంద విస్తరాకులు, మూడు కేజీల గుంటూరు కారం కొనేశా, సూట్‌కేసు కూడా కట్టేశా. ఇప్పుడు వంట లేదంటే ఎలా?

సుధ: రమేష్, పడుకో నువ్వు.

పద్మ: డబ్బు ఇవ్వనివాళ్లలో మేమూ ఉన్నాం, ఈ రాత్రికి పంపిస్తాను. కానీ 38 పెట్టి ఆ కేటరర్ పాస్తా తినడానికైతే మా ఇంటాయన రారు, ముందే చెప్తున్నా.

ఫణి: ఒకమాట చెప్తా, నచ్చకపోతే తిట్టండి. గుంటూరులో చదివేటప్పుడు సాయంత్రం శంకర్ విలాస్ సెంటర్ దగ్గర మొదలుపెట్టి బ్రాడీపేట లైన్లన్నీ తిరుగుతూ ఒకచోట బజ్జీ, ఒకచోట పునుగులు, ఇంకోచోట సోడా, అలా కడుపు నింపుకునేవాళ్లం, హాలు ఎవడు బుక్ చేశాడు? ఇక్కడ 506 స్ట్రీట్‌కార్ (రోడ్డుమీద పట్టాలపై నడిచే ట్రాము) ఉంది కదా. కాలేజ్ స్ట్రీట్‌లో లిటిల్ ఇటలీ మీదుగా వెళ్తుంది, స్పడైనాలో దిగితే చైనాటౌన్, కెన్సింగ్టన్ మార్కెట్ (జమైకా ప్యాటీ, మెక్సికో టాకో రెండూ అక్కడే), తర్వాత బ్రాడ్‌వ్యూ దగ్గర ఇంకో చైనాటౌన్, కాక్స్‌వెల్ రాకముందే జెరార్డ్ ఇండియా బజార్. చివర మెయిన్ స్ట్రీట్ స్టేషన్‌లో సబ్‌వే ఎక్కితే మూడో స్టాపు గ్రీన్‌వుడ్, అక్కడ డాన్‌ఫోర్త్ మీద ఇథియోపియావాళ్ల హోటళ్లు. కార్డు ట్యాప్ చేస్తే 3.30, రెండు గంటలు ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు. 12 ఏళ్లలోపు పిల్లలకి ఫ్రీ.

శ్రీధర్: 62 మంది ఒకే బండి ఎక్కితే డ్రైవర్ దిగి పారిపోతాడు.

ఫణి: మూడు బ్యాచ్‌లు అన్నా, అరగంట తేడాతో.

పద్మ: శాకాహారులం మేమేం తినాలి బాబూ? జెరార్డ్‌లో మొక్కజొన్న పొత్తేనా?

లక్ష్మి: పద్మగారూ, ఇథియోపియాలో ఆర్థడాక్స్ క్రైస్తవులకి బుధ, శుక్రవారాలు ఉపవాసం, ఆ రోజుల్లో మాంసం, పాలు ముట్టరు. అందుకే ఆ హోటళ్లలో బెయాయ్‌నెతు అని శాకాహారం పళ్లెం ఉంటుంది. ఇంజెరా అంటే మన అట్టులాగే, ఒకవైపే కాలుస్తారు, పైన అంతా చిల్లులు. దానిమీద ఎర్రపప్పు, శనగపిండి కూర, క్యాబేజీ కుప్పలుకుప్పలుగా పెడతారు. అంచు తుంచి కూర అద్దుకుంటూ పోతే చివరికి అడుగున రసం పీల్చిన ముక్క మిగులుతుంది చూడండి, పుల్లగా కారంగా, దానికోసం మా పిల్లలు కొట్టుకుంటారు. పాలవి కూడా వద్దనుకునేవాళ్లు మాత్రం నెయ్యి వేయొద్దని అడగాలి.

రమేష్: నిద్ర పట్టలేదు. మెక్సికో వైపు మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో మనదేశం వచ్చి గుంటూరు మిర్చి యార్డు దాకా చేరింది, నేనేమో మూడు కేజీలు మళ్లీ అటువైపే మోసుకొస్తున్నా. సరే, విస్తరాకుల సంగతి?

శ్రీధర్: బ్రాడ్‌వ్యూలో దిగి పార్సిల్ కట్టించుకుంటే, కాస్త పైకి నడిస్తే రివర్‌డేల్ పార్క్. గట్టుమీద గడ్డిలో కూర్చుంటే ఊరంతా ఎదురుగా కనపడుతుంది. విస్తరాకులు అక్కడ వేద్దాం. పాతికమంది దాటితే పర్మిట్ అడుగుతారు, బ్యాచ్‌కి ఇరవై, ఇరవై ఒకటి కాబట్టి సరిపోతుంది. ఒక బ్యాచ్ లేచాకే ఇంకోటి రావాలి, ఫొటోలంటూ కూర్చోవద్దు. లక్ష్మీ, ఇందాక ఊరికే అన్నాను.

లక్ష్మి: నేనూ అంతే అన్నా. లెక్కలు మీరే చూడండి, నాకు రావు.

సుధ: హాలువాడికి వద్దని చెప్పేశా. అడ్వాన్సు 200లో సగమే తిరిగిస్తాడట, మీరే మాట్లాడండి శ్రీధర్ గారూ.

శ్రీధర్: మాట్లాడతా. జెరార్డ్‌లో పిల్లలకి నాజ్ థియేటర్ ఉన్నచోటు ఎవరైనా చూపించండి. 1972లో అక్కడ హిందీ సినిమాలు వేయడం మొదలెట్టాకే చుట్టూ ఆ బజారు పుట్టింది, విజయవాడవాళ్లకి అలంకార్ సెంటర్ అంటే చాలు, అర్థమవుతుంది.

పద్మ: మా ఇంటాయన వస్తారట. మోకాళ్లు కాబట్టి మొదటి బ్యాచ్‌లో వేయండి, సీటు దొరుకుతుంది.

కిరణ్: ఇప్పుడే చూశా, డ్యూటీలో ఉన్నా. మైకు నేనే తేవాలి కదా, ఎన్నింటికి?

ఫణి: కిరణ్, మైకు వద్దు, గొడుగు తెచ్చుకో. మూడో బ్యాచ్ నీదే, 12 గంటలకి కాలేజ్, బాథర్స్ట్ మూల.