మన కార్లకు లండన్ వాళ్ల స్టార్లెందుకు?

గోదారిగట్టు: 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే లండన్ సంస్థ మన దగ్గర అమ్మే ఐదు కార్లను గుద్దించి చూసి, భద్రతలో ఐదింటికీ సున్నా స్టార్లిచ్చింది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. అప్పట్నుంచి కారు పేరెత్తితే చాలు, స్టార్లెన్ని అంటున్నారు. 2030 కల్లా రోడ్డు చావులు సగానికి తగ్గిస్తామని ఐక్యరాజ్య సమితి తీర్మానం చేస్తే కార్లకు ఎయిర్‌బ్యాగులూ అవీ పెట్టే ఖర్చు మా నెత్తినా? మన చట్టం మనకు లేదా?

నట్టుబోల్టు: ఏ చట్టమండీ? ముందునుంచి గుద్దించి చూసే టెస్టు మన దగ్గర కొత్త మోడళ్లకు 2017 అక్టోబరులో తప్పనిసరైంది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులైలో. ఆ సున్నా వచ్చాకే ఎయిర్‌బ్యాగుల్లేని పోలోను కంపెనీ ఆపేసింది. బ్యాగులు పెట్టి గుద్దిస్తే అదే కారుకు నాలుగు స్టార్లు.

గోదారిగట్టు: గుద్దించి చూసే వేగానికి ఐరాస ప్రమాణం గంటకు 56 కిలోమీటర్లు. వీళ్లు గుద్దించింది 64 దగ్గర. ఎందుకు? ముందు దీనికి చెప్పండి.

క్లచ్‌ప్లేటు: మా బావమరిది బ్లూటూత్ చూసి కారు కొన్నాడు. మీరు కానివ్వండి.

నట్టుబోల్టు: అవే కార్లను 56 దగ్గరా చూశారు, ఒక్కటి తప్ప అన్నీ ఫెయిలయ్యాయి. ఇప్పుడు మన సొంత భారత్ ఎన్‌క్యాప్ ఉంది, 2023 అక్టోబరు నుంచి. అదీ 64 దగ్గరే గుద్దిస్తోంది.

గోదారిగట్టు: వాళ్లను చూసి కాపీ కొట్టిందే కదా. వేగం 8 పెరిగితే దెబ్బలో శక్తి 30 శాతం పెరుగుతుంది. ఇది ఫెయిల్ చెయ్యడానికి పెట్టిన పరీక్ష.

సుధ: మా అన్నయ్య బైక్ మీద వెళ్తూ పోయాడు. హైవే మీద రాంగ్ రూట్లో వచ్చిన కారు గుద్దింది. ఆ కారుకు ఎన్ని స్టార్లో నాకు తెలీదు గానీ, డ్రైవరుకు గీత కూడా పడలేదు. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 44 శాతం పైచిలుకు బళ్ల మీద వెళ్లేవాళ్లే, 19 శాతం పైగా నడిచేవాళ్లు. మీరిద్దరూ నిన్నట్నుంచి 56, 64 అంటూ కూర్చున్నారు.

నట్టుబోల్టు: క్షమించండి సుధ గారూ. వేరే దేశాల అనుభవం కార్లకే కాదు, బళ్లకూ పనికొస్తుంది. వియత్నాం 2007 డిసెంబరులో అన్ని రోడ్ల మీదా హెల్మెట్ తప్పనిసరి చేసింది, జనం పెట్టుకున్నారు కూడా. మన దగ్గర 125 సీసీ దాటిన బళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి, అంటే సడన్ బ్రేకేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది.

సుధ: అన్నయ్యది 100 సీసీ బండి.

నట్టుబోల్టు: చూశారా గోదారి గారూ? చిన్న బళ్లను వదిలేసింది రేటు పెరుగుతుందనే. మీ వాదనే అది. మనుషులు పోతారన్నమాట.

గోదారిగట్టు: మాటలు జాగ్రత్త. నేను కంపెనీల మనిషిననుకుంటున్నారా? నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ ఒకే స్కూటర్ మీద వెళ్తాం. సున్నా స్టార్ల ఆల్టో కూడా నాకు దానికంటే నయమే. మీరు ఒక్కో బ్యాగు పెట్టించినప్పుడల్లా నేను ఇంకో ఏడాది స్కూటర్ మీదే. ఐదు స్టార్లలో తిరిగేవాళ్లకు ఇది ఎక్కదు.

నట్టుబోల్టు: పన్ను తగ్గించమని అడగండి, బ్యాగు తీసెయ్యమని కాదు. సుధ గారి అన్నయ్య బండికి ఏబీఎస్ ఉండుంటే...

సుధ: మా అన్నయ్యను మీ గొడవలోకి లాగకండి. ఎదురొచ్చి గుద్దితే ఏబీఎస్ ఏం చేస్తుంది? ఆ కారువాడు రాంగ్ రూట్లో ఎందుకొచ్చాడు? యూ టర్న్ కిలోమీటర్ల దూరంలో పెట్టారు. ఆ రోడ్డు వేసినవాళ్లకు ఎవరిస్తారు స్టార్లు?

క్లచ్‌ప్లేటు: రోడ్లకూ ఇస్తారండీ. ఐరాప్ అని, అదీ అంతర్జాతీయ సంస్థే. మన దగ్గరా కొన్ని హైవేలు కొలిచారు.

గోదారిగట్టు: రోడ్లకిస్తే నాకేం అభ్యంతరం లేదు. ఆ ఖర్చు నా కారు రేటులో కలపరు కదా.

క్లచ్‌ప్లేటు: టోల్‌లో కలుపుతారు.